ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పేపర్ ఎలా చదవాలి: ఊళ్లో ఒక్క పనిచోటుతో సిలబస్ మొత్తం

"ఆపరేషన్స్ ఎలా చదవాలండీ?" అని రాజమండ్రి నుంచి, భీమవరం నుంచి, అమలాపురం నుంచి అడుగుతూనే ఉన్నారు. నన్నయ యూనివర్సిటీ పిల్లలైనా, జేఎన్‌టీయూ కాకినాడ పిల్లలైనా బాధ ఒకటే. థియరీ చదివితే చాప్టర్లన్నీ ఒకేలా అనిపిస్తాయి. ప్రాబ్లమ్ చేస్తే ఫార్ములా కరెక్టే, ఆన్సర్ మాత్రం తప్పు. హెచ్‌ఆర్, మార్కెటింగ్ పేపర్లలో సొంత మాటలతో రెండు పేజీలు లాగించేయొచ్చు. ఇక్కడ ఆ పప్పులుడకవు.

నేను చెప్పే పద్ధతి ఇది. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో పని జరిగే చోటు ఒకటి పట్టుకోండి. అక్కడి అంకెలు మీ చేత్తో మీరే రాసుకోండి. ఆ అంకెల మీద సిలబస్‌లోని ఒక్కో చాప్టర్‌నూ నడిపించండి. లెక్కపెట్టడం ముందు, ఫార్ములా తర్వాత. పుస్తకం మానేయమని కాదు, పుస్తకం తెరిచేసరికి మీ దగ్గర సొంత అంకెలుండాలని.

కింద లెక్కల్లో వాడిన సంఖ్యలు చాలావరకు నేర్పడానికి అనుకున్నవే. మీవి మీరు పెట్టుకోండి.

ముందుగా కావాల్సినవి

- గీతలున్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి, రెండు రంగుల పెన్నులు. కళ్లతో చూసి రాసింది నీలంలో, ఎవరో చెప్పింది ఎరుపులో. ఇది చాదస్తం కాదు, ఎందుకో వైవాలో తెలుస్తుంది.
- ఫోన్‌లో ల్యాప్ బటన్ ఉన్న స్టాప్‌వాచ్.
- సైంటిఫిక్ కాలిక్యులేటర్. మీ పరీక్షలో ఏ మోడల్‌కు అనుమతి ఉందో ముందే కనుక్కోండి.
- గ్రాఫ్ పేపర్లు. ఎక్సెల్ లేకపోతే లిబ్రేఆఫీస్ కాల్క్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో పని జరిగిపోతుంది.
- మీ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు, కనీసం నాలుగైదు.
- కాలేజీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఓడీ సంతకంతో పరిచయ లేఖ.

1. పాత పేపర్లతో మొదలుపెట్టండి

సిలబస్ కాగితం పక్కన పాత పేపర్లు పెట్టి, ఏ యూనిట్ నుంచి లెక్క వచ్చింది, ఏ యూనిట్ నుంచి వ్యాసం వచ్చిందని గుర్తు పెట్టుకోండి. ఒక పూట పని. లెక్కలు వచ్చే చాప్టర్లు మామూలుగా ఇవే: వర్క్ మెజర్‌మెంట్, ఇన్వెంటరీ, ఫోర్‌కాస్టింగ్, షెడ్యూలింగ్, ప్రాజెక్టులు, క్వాలిటీ కంట్రోల్. ప్లాంట్ లొకేషన్, లేఅవుట్, లీన్ (వృథా తగ్గించే పద్ధతి) లాంటివి ఎక్కువగా థియరీకి పోతాయి.

వీడియోలు కావాలంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. ఒక కోర్సు ఎంచుకుని దాన్నే పట్టుకోండి. మూడు కోర్సులు మొదలుపెట్టి మూడింట్లోనూ మొదటి వారం దగ్గరే ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

2. చోటు ఎంచుకోండి

డెల్టాలో దీనికి కొదవలేదు. ఆత్రేయపురంలో పూతరేకులు, మండపేట చుట్టూ రైస్ మిల్లులు, అంబాజీపేటలో కొబ్బరి, కడియంలో నర్సరీలు, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు. హాస్టల్లో ఉండి ఎటూ కదల్లేకపోతే మీ మెస్సో, కాలేజీ ఎదుట జిరాక్స్ షాపో చాలు. ఉదయం టిఫిన్ సెంటర్ అయితే అన్నిటికన్నా తేలిక, అడగడానికి లేఖ కూడా అక్కర్లేదు.

ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోండి. పని కళ్లెదుటే కనిపించాలి. ఒకే పని రోజంతా మళ్లీ మళ్లీ జరగాలి. కనీసం మూడు దశలుండాలి. ఈ మూడూ చిన్న పూతరేకుల షెడ్‌లో ఉన్నాయి. పెద్ద ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌కు వెళ్తే గేటు దగ్గరే సగం రోజు పోతుంది, లోపల ఫోన్ కూడా తీయనివ్వరు. పెద్ద పేరున్న కంపెనీ అయితే ప్రాజెక్టుకు మార్కులు ఎక్కువ పడతాయన్నది ఉత్త భ్రమ.

అడిగేటప్పుడు మొదటి రోజే జీతాలు, లాభాలు, ధరల జోలికి పోకండి. "పని ఎలా జరుగుతుందో చూసి రాసుకుంటామండీ, కాలేజీ పని" అంటే చాలా చోట్ల కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు. ఫోటోలు వద్దంటే వద్దు.

జాగ్రత్త: మిల్లులో బెల్టులు తిరిగే చోట చున్నీ, వదులు చేతుల చొక్కా ప్రమాదం. ఊక దుమ్ముకి ముక్కుకి గుడ్డ కట్టుకోండి. బస్తాలు మోసే జట్టు దారికి అడ్డం నిలబడకండి. వాళ్లు బరువుతో ఆగలేరు.

3. పని బొమ్మ గీయండి

సరుకు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి బయటికి పోయేదాకా దాని వెంట నడవండి. ప్రాసెస్ చార్ట్ గుర్తులు ఐదే: పని జరిగితే గుండ్రం, మోస్తే బాణం, తనిఖీ చేస్తే చదరం, ఊరికే ఆగితే ఇంగ్లీషు డి ఆకారం, నిల్వ ఉంటే తలకిందుల త్రిభుజం.

మనిషి వెంట నడవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ఫలానా ఆవిడ ఏం చేసిందని రాస్తే అది మనిషి చార్ట్ అవుతుంది. మీరు రేకు వెంటో, ధాన్యం వెంటో నడవాలి. తప్పు జరిగిందేమో చూసుకోవడం తేలిక: మీ చార్ట్‌లో ‘డి’లు, త్రిభుజాలు ఒక్కటీ లేకపోతే మీరు మనిషి వెంటే తిరిగారు. సరుకు ఏ షెడ్‌లోనైనా పని జరిగే సేపు కన్నా ఆగి ఉండే సేపే ఎక్కువ.

రైస్ మిల్లు ఎంచుకున్నవాళ్లు బస్తా దగ్గర పడిపోతారు. మన వైపు ధాన్యం బస్తా 75 కేజీలు. బయటికి వచ్చే బియ్యం బస్తా 50 కేజీలు. సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి బియ్యంగా తిరిగివ్వడం) కింద ప్రభుత్వం పచ్చి బియ్యానికి క్వింటా ధాన్యానికి 67 కేజీలు అడుగుతుంది, ఉప్పుడు బియ్యానికి 68. ఆ లెక్కన 75 కేజీల బస్తాకు 50 కేజీల పైచిలుకు బియ్యం. అంటే బస్తా పోస్తే బస్తా వచ్చింది! ప్రొడక్టివిటీ వంద శాతమని రాసిన ఆన్సర్ షీట్లు నిజంగానే ఉంటాయి. అన్నీ కేజీల్లోకి మార్చండి. బియ్యం, నూక, తవుడు, ఊక అన్నీ కూడితే పోసిన ధాన్యం బరువుకి దగ్గరగా రావాలి. దుమ్ము, తేమ కింద కొంచెం పోతుంది. బాగా తేడా వస్తే సరుకు బయటికొచ్చే ఒక గొట్టాన్ని మీరు చూడకుండా వదిలేశారు.

4. టైమ్ పట్టండి

పూతరేకుల షెడ్‌నే తీసుకుందాం (2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు వచ్చింది, రిపోర్టు పరిచయంలో ఒక వాక్యంగా పనికొస్తుంది, అంతకుమించి సాగదీయకండి). బోర్లించిన కుండ కింద మంట. పల్చటి గుడ్డను జావలాంటి బియ్యప్పిండిలో ముంచి, కుండ మీద పరిచి లాగేస్తారు. గుడ్డ లేచేసరికి కుండ మీద రేకు. రెప్పపాటు పని. స్టాప్‌వాచ్ నొక్కడం మొదలయ్యేలోపే అయిపోతుంది.

ఇంత చిన్న పనిని ఒక్కొక్కటిగా కొలవకండి. మీ బొటనవేలి ఆలస్యమే కొలతలో పెద్ద భాగమైపోతుంది. పది రేకులకు కలిపి టైమ్ పట్టి పదితో భాగించండి. అలా పది పది చొప్పున కనీసం ఓ పాతికసార్లు రాయండి. పొయ్యిలో కొబ్బరాకు ఎగదోసినప్పుడు, పిండి కలిపినప్పుడు టైమ్ ఆపకండి, పక్కన ‘మంట’, ‘పిండి’ అని గుర్తు వేసుకోండి. ఆ పనులు కూడా ఉద్యోగంలో భాగమే.

మీరు వాచీ పట్టుకుని ఎదురుగా నిలబడితే చెయ్యి వేగం మారిపోతుంది. "నువ్వు లెక్కెట్టుకుంటుంటే నా చెయ్యి ఆగిపోద్ది బాబూ" అని మొహం మీదే అంటారు. మొదటి పూట కొలిచింది పక్కన పడేయండి. కబుర్లు చెప్పుకుంటూ పక్కగా కూర్చోండి, రెండో పూటకి మిమ్మల్ని మర్చిపోతారు.

ఇప్పుడు లెక్క. పది రేకులకు సగటున 150 సెకన్లు వచ్చిందనుకోండి, ఒక్కోటి 15 సెకన్లు (మంట, పిండి పనులు కూడా కలిపి). ఆవిడ అందరికన్నా చురుకని మీ అంచనా, రేటింగ్ (మామూలు మనిషి వేగం వంద అనుకుంటే ఈవిడ వేగం) 110 శాతం ఇచ్చారు.

నార్మల్ టైమ్ = 15 × 1.10 = 16.5 సెకన్లు.
మంట దగ్గర పని కాబట్టి అలవెన్స్ (అలసటకీ, విరామానికీ కలిపే సమయం) 20 శాతం: 16.5 × 1.20 = 19.8 సెకన్లు. ఇది స్టాండర్డ్ టైమ్.

రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, చురుకైన మనిషి కదా అని టైమ్‌ను 1.10తో భాగించడం. మామూలు మనిషికి ఇంకాస్త ఎక్కువ సమయం పట్టాలి కదా. రేటింగ్ వంద దాటితే నార్మల్ టైమ్ మీరు కొలిచిన దానికన్నా పెద్దదిగా రావాలి. చిన్నదిగా వస్తే తిప్పి చేశారన్నమాట.

రెండోది అలవెన్స్. 20 శాతం అన్నది నార్మల్ టైమ్ మీదా, మొత్తం పని దినం మీదా? పని దినం మీద అయితే 16.5 ÷ 0.80 = 20.6 సెకన్లు. ప్రశ్నలో ఏది అడిగారో గీత గీసుకుని మరీ చదవండి. ప్రశ్నలో తేల్చకపోతే, ఏది అనుకున్నారో ఆన్సర్‌లో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యానికి మార్కులు పడతాయి.

5. బాటిల్‌నెక్ కనిపెట్టండి

బాటిల్‌నెక్ అంటే మొత్తం పని వేగాన్ని పట్టి ఆపే దశ. మన షెడ్‌లో మూడు దశలు: రేకు తీయడం, నెయ్యీ బెల్లప్పొడీ వేసి చుట్టడం, పెట్టెలో సర్దడం. గంటకు 3,600 సెకన్లు. రేకు 19.8 సెకన్లంటే గంటకు దాదాపు 181. చుట్టడం ఒక్కోటి 40 సెకన్లంటే గంటకు 90. సర్దడం 20 సెకన్లంటే 180.

అన్నిటికన్నా చిన్నది 90 కదా అని చుట్టడమే బాటిల్‌నెక్ అని రాసేస్తారు. తప్పు. 181 రేకులు, 90 చుట్టలు. ఒక్కో చుట్టకు మూడు రేకులు పడతాయనుకుంటే 181 రేకులంటే 60 చుట్టలే. ఇరుక్కున్నది రేకు తీసే దగ్గర. అన్ని దశలనూ చివరగా బయటికి పోయే వస్తువులోకి మార్చకుండా పోల్చకండి. సగం తప్పులు ఇక్కడే.

రెండో కుండ పెడితే? రేకు తీయడం 120కి పోతుంది. షెడ్ మొత్తం 120 ఇవ్వదు, 90 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు బాటిల్‌నెక్ చుట్టడానికి మారింది. పరీక్షలో "కెపాసిటీ పెంచితే అవుట్‌పుట్ ఎంత?" అన్న ప్రశ్నకు రెట్టింపు అని రాసేవాళ్లు ఈ మార్పును చూడరు.

కళ్లతో సరిచూసుకునే దారీ ఉంది: బాటిల్‌నెక్ ముందు సరుకు పేరుకుంటుంది, దాని తర్వాతి మనిషి ఖాళీగా ఉంటాడు. మీ లెక్క ఒకటి చెప్పి షెడ్ ఇంకోటి చూపిస్తే షెడ్‌నే నమ్మండి.

లిటిల్స్ లా కూడా ఇక్కడే నేర్చేసుకోండి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సంగతి ఇంతే: లోపల ఉన్న సరుకు = గంటకు కదిలేది × లోపల ఉండే సమయం. రెండు కుండలతో నడుస్తుంటే గంటకు 90 చుట్టలు, అంటే 270 రేకులు వాడకం. బల్ల మీద 540 రేకులున్నాయి. ఇప్పుడు తీసిన రేకు చుట్టేవాళ్ల చేతికి రావడానికి 540 ÷ 270 = 2 గంటలు. నమ్మకం లేకపోతే ఒక రేకుల కట్ట అంచున చిన్న దారం పెట్టి, అది ఎప్పుడు చుట్టేవాళ్ల చేతికొస్తుందో చూడండి (దారం తీయడం మర్చిపోకండి). పాత రేకులు ముందు వాడకుండా కొత్తవాటినే పైనుంచి తీస్తుంటే మీ దారం సాయంత్రం దాకా రాదు. అది కూడా రిపోర్టులో రాయాల్సిన సంగతే.

6. ఈఓక్యూని దేనికి పెట్టాలో తెలుసుకుని పెట్టండి

ఒక్కోసారి ఎంత ఆర్డర్ పెడితే మొత్తం ఖర్చు తక్కువో చెప్పేది ఈఓక్యూ. ఫోర్డ్ హారిస్ 1913లో ఇచ్చిన సూత్రం ఇది. రెండింతలు ఏడాది అవసరం, దాన్ని ఒక్కో ఆర్డర్ ఖర్చుతో హెచ్చించి, ఒక వస్తువును ఏడాది నిల్వ ఉంచే ఖర్చుతో భాగించి, వర్గమూలం కట్టాలి. అందరికీ వచ్చు. అయినా అందరూ తప్పే చేస్తారు.

పూతరేకుల అట్టపెట్టెలు తీసుకుందాం. ఏడాదికి 18,000 పెట్టెలు. ఆర్డర్ పెట్టిన ప్రతిసారీ ఆటో కిరాయి, దింపుడు కూలి కలిపి 250 రూపాయలు. పెట్టె ధర 8 రూపాయలు, నిల్వ ఖర్చు ఏడాదికి ధరలో 12.5 శాతం, అంటే ఒక రూపాయి.

2 × 18,000 × 250 ÷ 1 = 90,00,000. వర్గమూలం 3,000. ఏడాదికి ఆరు ఆర్డర్లు.

తప్పులు ఎలా ఉంటాయో చూడండి. నిల్వ ఖర్చు ఏడాదిది ఉంచి, అవసరం మాత్రం నెలకు 1,500 అని వేస్తే 866 వస్తుంది. నిల్వ ఖర్చు ఉండాల్సిన చోట ధర 8 వేస్తే 1,061 వస్తుంది. రెండూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, అందుకే అనుమానం రాదు.

సరిచూసుకోవడానికి పది సెకన్లు చాలు. ఏడాది ఆర్డర్ల ఖర్చు: 6 × 250 = 1,500. ఏడాది నిల్వ ఖర్చు: 3,000లో సగం × 1 = 1,500. రెండూ సమానంగా రావాలి. రాకపోతే ఎక్కడో యూనిట్లు కలగాపులగం అయ్యాయి. పరీక్షలో ఈ రెండు లైన్లూ ఆన్సర్ కిందే రాసేయండి.

పెట్టెలమ్మే అతను 4,000 కట్ట తప్ప ఇవ్వనంటే? ఖర్చు 1,125 + 2,000 = 3,125. కనిష్ఠ ఖర్చు 3,000 రూపాయల కన్నా నాలుగు శాతమే ఎక్కువ. ఈ ఖర్చు గీత వంపు అడుగున చాలా చదునుగా ఉంటుంది. 3,000 పెట్టెలకి అటూ ఇటూ కొంచెం జరిగితే కొంపేం మునగదు. థియరీ ప్రశ్నలో ఈ మాట రాసేవాళ్లు తక్కువ, రాస్తే కనబడిపోతుంది.

ఇక మన డెల్టాలో అసలు సంగతి. మిల్లు ధాన్యానికి ఈఓక్యూ కట్టుకొచ్చేవాళ్లుంటారు. ధాన్యం ఏడాది పొడుగునా కావాల్సినప్పుడు ఆర్డర్ పెడితే వచ్చేది కాదు. సార్వా కోతలప్పుడు ఒకసారి, దాళ్వా కోతలప్పుడు ఒకసారి ఊళ్లన్నీ ఒక్కసారే దింపుతాయి. అక్కడ ప్రశ్న ఎంత ఆర్డర్ పెట్టాలన్నది కాదు, ఎంత జాగా ఉంది, ఎంత డబ్బు ఉంది, ఎన్నాళ్లు ఆడించాలి అన్నది. అదే మిల్లులో గోనె సంచులకి, రబ్బర్ రోల్స్‌కి ఈఓక్యూ చక్కగా సరిపోతుంది. అలాగే నెయ్యికి కట్టేటప్పుడు పాడయ్యే గడువు చూసుకోండి. ఫార్ములా నాలుగు నెలల నెయ్యి కొనమంటే కొనేస్తామా?

7. క్వాలిటీ: 17 శాతాన్ని ఎక్కడ రాయకూడదో తెలుసుకోండి

నన్నడిగితే సిలబస్ మొత్తంలో మన ఊళ్లలో అత్యంత తేలిగ్గా అర్థమయ్యే చాప్టర్ ఇదే, పరీక్షలో ఎక్కువమంది పోగొట్టుకునేదీ ఇదే. మద్దతు ధర కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదన్నది రైతు ఇళ్లలో పిల్లలక్కూడా తెలుసు. ఆ 17 స్పెసిఫికేషన్. కొనేవాడు పెట్టిన గీత. వాల్టర్ షూహార్ట్ 1924లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో (బెల్ టెలిఫోన్ వాళ్లదే) మొదలుపెట్టిన కంట్రోల్ చార్ట్ గీతలు వేరు. అవి మీ ప్రాసెస్ తనంతట తాను ఎంత ఊగుతుందో చెప్పేవి, అవి మీ డేటాలోంచే రావాలి.

చేయాల్సింది: తేమ మీటర్ ఉన్న చోట లాట్‌కు ఐదు బస్తాల చొప్పున రీడింగ్ తీసి, ఇరవై పాతిక లాట్లు రాయండి. ఒక్కో లాట్ సగటు, ఒక్కో లాట్‌లో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా (రేంజ్) కట్టండి. సగటుల సగటు 15.8, రేంజ్‌ల సగటు 1.2 వచ్చాయనుకుందాం. ఐదు శాంపిళ్లకు పట్టికలో ఏ2 విలువ 0.577.

పై గీత: 15.8 + 0.577 × 1.2 = 16.49
కింది గీత: 15.8 − 0.577 × 1.2 = 15.11

పై గీత దగ్గర 17 రాసేస్తే చాప్టర్ మొత్తం పోయినట్టే. పేపర్ దిద్దేవాళ్లు మొదట చూసేది అదే.

ఇంకో మెట్టు ఎక్కండి. సగటులన్నీ గీతల మధ్యే ఉన్నాయి, ప్రాసెస్ కంట్రోల్‌లో ఉంది. మరి ప్రతి బస్తా 17 లోపే ఉంటుందా? ఒక్కో బస్తా ఊగుడు (సిగ్మా) = 1.2 ÷ 2.326 (అదే పట్టికలో చిన్న డీ2) = 0.516. మూడు సిగ్మాలు పైకి వెళ్తే 15.8 + 1.55 = 17.35. అంటే చార్ట్ ఎంత ప్రశాంతంగా ఉన్నా అప్పుడప్పుడు ఒక బస్తా 17 దాటుతుంది. కంట్రోల్‌లో ఉండటం వేరు, కొనేవాడికి సరిపోవడం వేరు. "ప్రాసెస్ కేపబిలిటీ" అని పుస్తకంలో ఉన్నది ఇదే.

సరిచూసుకోండి: ముందు రేంజ్ చార్ట్ వేయండి. డీ4 విలువ 2.114, కాబట్టి దాని పై గీత 2.54. రేంజ్ గీత దాటుతుంటే సగటుల చార్ట్ చూడటం దండగ. తేడా బాగా ఎక్కువుంటే రెండు కళ్లాల ధాన్యం ఒకే లాట్‌లో కలిసిపోయిందేమో అడగండి.

8. క్యూ లెక్క కాటా దగ్గర

గంటకు 8 ట్రాక్టర్లు వస్తాయి, కాటా గంటకు 10 తూచగలదు. వాడకం 8 ÷ 10 = 0.8. వరసలో ఆగేవి: 0.8 స్క్వేర్ ÷ 0.2 = 3.2 ట్రాక్టర్లు. ఒక్కోటి ఆగే సమయం 3.2 ÷ 8 = 0.4 గంట, 24 నిమిషాలు. ఇంకొక్క ట్రాక్టర్ పెరిగి గంటకు 9 అయితే? 0.81 ÷ 0.1 = 8.1 ట్రాక్టర్లు, 54 నిమిషాలు. ఒకటి పెరిగితే రెట్టింపు దాటిపోయింది. దాళ్వా కోతలప్పుడు మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్లు రోడ్డెక్కడానికి ఒక కారణం ఇదే.

లాంబ్డా (వచ్చే వేగం), మ్యూ (తూచే వేగం) రెండూ ఒకే యూనిట్‌లో ఉండాలి. "సర్వీస్ టైమ్ 6 నిమిషాలు" అనిస్తే మ్యూ 6 కాదు, గంటకు 10.

ఈ సూత్రం ఒక్కొక్కరుగా, ఎప్పుడొస్తారో తెలియకుండా వచ్చే చోటికే. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పోవడానికి పంటు (బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఆగే బళ్లకు ఇది పెట్టకండి. పంటు అందర్నీ ఒక్కసారే ఎక్కించుకుపోతుంది, అది బ్యాచ్ సర్వీస్. సగం మంది ప్రాజెక్టుల్లో ఇది చూసుకోరు.

9. మిగతావి త్వరగా

ఫోర్‌కాస్టింగ్: నవంబరు 300 పెట్టెలు, డిసెంబరు 320, సంక్రాంతి నెల 700. మూడు నెలల మూవింగ్ యావరేజ్ ఫిబ్రవరికి 440 అంటుంది. అల్లుళ్లు తిరుగు ప్రయాణం అయ్యాక ఎవరు కొంటారు? పండగ ఉన్న సరుకుకు సీజనల్ ఇండెక్స్ వాడండి, నిరుటి జనవరిని ఈ జనవరితో పోల్చండి.

సీపీఎం: పనుల వరసల్లో పొడవైన దారి (క్రిటికల్ దారి) పట్టుకుని ప్రాజెక్టు రోజులు లెక్కగట్టే పద్ధతి. 1957లో డూపాంట్ కోసం పుట్టింది, దాని జోడు పెర్ట్ 1958లో అమెరికా నేవీలో. ఉదాహరణకి మన కాలువలే ఉన్నాయి. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపేశాక, సార్వాకు మళ్లీ వదిలేలోపు రిపేర్లు అయిపోవాలి. పూడికతీత 6 రోజులు, దాని తర్వాత గోడ 8, మొదటి రోజు నుంచే పక్కన షట్టర్ల తయారీ 9, గోడా షట్టర్లూ అయ్యాక బిగింపు 3. మొత్తం 6 + 8 + 3 = 17 రోజులు. షట్టర్లకు 14 − 9 = 5 రోజుల ఫ్లోట్ (మొత్తం పని ఆగకుండా ఆలస్యం చేయగలిగిన గడువు). తప్పెక్కడంటే, ఒకే దారిలో రెండు పనులుంటే రెండింటికీ ఐదేసి రోజులు వాడేసుకోవడం. ఆ ఐదు రోజులు దారి మొత్తానికి కలిపి. సరిచూడటానికి: క్రిటికల్ దారిలో ప్రతి పనికీ తొందరగా మొదలయ్యే రోజూ, ఆలస్యంగా మొదలయ్యే రోజూ ఒకటే కావాలి.

లీనియర్ ప్రోగ్రామింగ్ మీ సిలబస్‌లో ఉంటే గ్రాఫ్ మీద చేసి, సాల్వర్‌తో సరిచూసుకోండి. ఎక్సెల్‌లో సాల్వర్ మామూలుగా కనిపించదు. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లో ఆన్ చేయాలి.

10. రాతలోనూ, వైవాలోనూ

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు టెన్షన్ పడొద్దు. లెక్క తెలుగులోనే ఆలోచించండి. ఒక్కో చాప్టర్‌కు ఆరేడు ఇంగ్లీషు వాక్యాలు మాత్రం సిద్ధంగా పెట్టుకోండి: ఇచ్చినవి, అనుకున్నవి, సూత్రం, జవాబు, దాని అర్థం. లెక్క చివర యూనిట్ లేకుండా వదలకండి. ఆ కింద "కాబట్టి యజమాని ఏం చేయాలి" అన్న వాక్యం ఒకటి రాయండి.

థియరీ ప్రశ్నలో మీ షెడ్‌ను ఉదాహరణగా పెట్టండి. లేఅవుట్ అడిగితే కుండలూ, చుట్టే బల్లా ఎటు ఉన్నాయో చిన్న బొమ్మ. లీన్ అడిగితే బల్ల మీద 540 రేకులు. జపాన్ కార్ల కంపెనీ కథ అందరూ రాస్తారు, చదివేవాళ్లకూ విసుగొచ్చేసి ఉంటుంది.

వైవాలో మొదట వచ్చే ప్రశ్న "ఈ అంకె ఎక్కడిది?" అప్పుడు నీలం ఎరుపు పెన్నుల నోట్‌బుక్ తెరవండి. ఎరుపులో ఉన్నది "వాళ్లు చెప్పారండీ, నేను చూడలేదు" అని నేరుగా చెప్పేయండి. దాచి దొరికిపోతే రెండో ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది.

రిపోర్టు బైండింగ్‌కు ఇచ్చేముందు యజమాని పేరు, ఫోన్ నంబరు, కొనుగోలు ధరలు ఉన్న పేజీలు తీసేయండి, లేదా ‘యూనిట్–1’ అని మార్చండి. స్టాండర్డ్ టైమ్, పెట్టెల ఆర్డర్ లెక్క ఉన్న రెండు పేజీలు తెలుగులో రాసి షెడ్‌లో ఇచ్చి రండి. మీ జూనియర్లు అదే షెడ్‌కు వెళ్లాల్సి రావచ్చు.